ప్రయోగమడి: సైబర్ భద్రతా శిక్షణకు కల్పితయంత్ర నిర్మాణం - తనకల్లు ప్రాంత విద్యార్థి కోణం

వ్యాససంగ్రహం:

సైబర్ భద్రత అభ్యాసంతో పట్టుబడే విద్య. దాడి ఏ విధంగా జరుగుతుందో స్వయంగా చేసి చూడనిదే రక్షణ మార్గం బోధపడదు. అయితే ఆ అభ్యాసాన్ని ఇతరుల కంప్యూటర్లపై అనుమతి లేకుండా చేస్తే నేరమవుతుంది, ఇంట్లోని ఏకైక కంప్యూటర్‌పై చేస్తే నష్టం వాటిల్లుతుంది. ఈ చిక్కును తీర్చే సాధనం కల్పితయంత్రం, అనగా వర్చువల్ మెషీన్. పరిమిత వనరులు గల వ్యక్తిగత కంప్యూటర్‌లో శిక్షణకు తగిన కల్పితయంత్రాన్ని నెలకొల్పే విధానాన్ని, దానిలో ఇమిడివున్న భావనలను, పాటించవలసిన హద్దులను తనకల్లు ప్రాంత విద్యార్థి పరిస్థితులను దృష్టిలో ఉంచుకొని వివరించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: సైబర్ భద్రత, కల్పితయంత్రం, ఆతిథేయి, అతిథి, ప్రయోగమడి, తనకల్లు, సాంకేతిక తెలుగు.

1. ఉపోద్ఘాతం:

తనకల్లు శ్రీ సత్యసాయి జిల్లా కదిరి రెవెన్యూ డివిజనులోని మండల కేంద్రం. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడేవరకు ఇది అనంతపురం జిల్లాలో అంతర్భాగం. సంవత్సరానికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే కరవు పీఠభూమి ఇది. వేరుశనగ ఇక్కడి ప్రధానమైన మెట్టపంట. వాన తప్పిన ఏడు బెంగళూరు వైపు వలస పోవడం ఈ ప్రాంతంలో తరాలుగా ఎరిగిన విషయం. అటువంటి కుటుంబాల నుంచి డిగ్రీ చదువుకు వచ్చిన యువతకు కంప్యూటర్ విద్య, అందులోనూ సైబర్ భద్రత, ఒక ఉపాధి మార్గంగా కనిపిస్తున్నది.

ఈ రంగంలో ప్రవేశించదలచిన విద్యార్థికి మొదట ఎదురయ్యేది సాధనాల కొరత. ప్రత్యేక ప్రయోగశాల అందుబాటులో ఉండకపోవచ్చు. ఇంట్లో ఉన్నది ఒకే కంప్యూటర్ కావచ్చు, అందులోనే తమ్ముడి చదువు, తండ్రి బ్యాంకు లావాదేవీలు, ఇంటివారి ఛాయాచిత్రాలు ఉండవచ్చు. రెండవది భాషాపరమైన అడ్డంకి. కల్పితయంత్రాన్ని నెలకొల్పే క్రమంలో తెరపై కనిపించే ప్రతి ఎంపికా ఆంగ్లంలోనే ఉంటుంది. ఏది ఎందుకో తెలియక వరుసగా నొక్కుకుంటూ పోయినా యంత్రం నడుస్తుంది. ఆ నడిచే యంత్రానికి హద్దు ఉన్నదో లేదో మాత్రం తెలియదు. ఈ వ్యాసం ప్రధానంగా ఆ హద్దును గూర్చి చర్చిస్తుంది.

2. కల్పితయంత్రం - భావన, చరిత్ర:

ఒక భౌతిక కంప్యూటర్‌లో మరొక కంప్యూటర్ ఉన్నట్లు సాఫ్ట్‌వేర్ ద్వారా కల్పించినప్పుడు, అలా ఏర్పడినది కల్పితయంత్రం. దానికి తనదైన ప్రాసెసర్, ర్యామ్, డిస్కు, నెట్‌వర్క్ కార్డు ఉన్నట్లే లోపల నడిచే ఆపరేటింగ్ సిస్టమ్‌కు తోస్తుంది. నిజానికి ఆ డిస్కు అసలు కంప్యూటర్‌లోని ఒక పెద్ద ఫైలు. ఆ ర్యామ్ అసలు ర్యామ్‌లో వేరుచేసి ఇచ్చిన భాగం. ఈ పంపకాన్ని నిర్వహించే సాఫ్ట్‌వేర్‌ను హైపర్‌వైజర్ అంటారు.

ఈ భావన కొత్తది కాదు. 1960వ దశకంలో ఐబిఎం సంస్థ తన పెద్ద కంప్యూటర్లను అనేకులు ఏకకాలంలో వాడుకొనేందుకు ఈ పద్ధతిని అభివృద్ధి చేసింది. 1972లో వెలువడిన విఎం/370 దీనికి వాణిజ్యరూపం. 1974లో జెరాల్డ్ పోపెక్, రాబర్ట్ గోల్డ్‌బర్గ్ అనే శాస్త్రవేత్తలు కల్పితయంత్ర వ్యవస్థకు ఉండవలసిన మూడు లక్షణాలను సిద్ధాంతీకరించారు. లోపల నడిచే ప్రోగ్రాం అసలు యంత్రంపై నడిచినట్లే ప్రవర్తించడం మొదటిది. వనరులన్నింటిపై అదుపు హైపర్‌వైజర్ చేతిలోనే ఉండడం రెండవది. వేగంలో పెద్ద నష్టం లేకపోవడం మూడవది. శిక్షణార్థికి వీటిలో రెండవ లక్షణం అత్యంత ముఖ్యం. లోపలి యంత్రం ఎంత పాడైనా అదుపు బయటివాని చేతిలో ఉంటుందన్న భరోసాయే ఈ అభ్యాసానికి పునాది.

వ్యక్తిగత కంప్యూటర్లకు ఈ సౌకర్యం 1999లో విఎంవేర్ వర్క్‌స్టేషన్‌తో చేరువైంది. 2005లో ఇంటెల్, 2006లో ఎఎండి తమ ప్రాసెసర్లలోనే దీనికి తోడ్పడే ఏర్పాటును ప్రవేశపెట్టాయి. 2007లో వెలువడిన వర్చువల్‌బాక్స్ ప్రస్తుతం ఒరాకిల్ సంస్థ నిర్వహణలో ఉన్నది. దాని మూల సాఫ్ట్‌వేర్ ఉచితంగా లభిస్తుంది కాబట్టి విద్యార్థులకు అనుకూలం.

3. పరిభాష - ఆతిథేయి, అతిథి, మడి:

అసలు కంప్యూటర్‌ను ఆంగ్లంలో హోస్ట్ అని, లోపలి యంత్రాన్ని గెస్ట్ అని వ్యవహరిస్తారు. వీటికి ఆతిథేయి, అతిథి అనే తత్సమాలు సహజంగా సరిపోతాయి. అతిథికి వసతి ఇచ్చినంత మాత్రాన బీరువా తాళాలు ఇవ్వనవసరం లేదన్న లోకజ్ఞానం ఈ జంటపదంలోనే ఉన్నది. తరువాత చెప్పబోయే అమరికలన్నీ ఈ సూత్రానికి విస్తరణలే.

అభ్యాసం కోసం వేరుచేసిన ఈ మొత్తం ఏర్పాటుకు ‘ప్రయోగమడి’ అనే పదాన్ని ఇక్కడ ప్రతిపాదించవచ్చు. నారుమడిలో వలె మడి అంటే గట్టు కట్టిన చిన్న చెక్క. మడి అనే మాటకు ఆచారపరంగా అంటుముట్టు లేని స్థితి అనే అర్థం కూడా ఉన్నది. అయితే ఆ ఆచారానికి మనుషులను దూరం పెట్టిన చరిత్ర ఉన్నందున, ఇక్కడ స్వీకరించినది సేద్యంలోని మడిని మాత్రమే. వేరుశనగ వంగడాలకు పేరొందిన కదిరి వ్యవసాయ పరిశోధన స్థానం తనకల్లుకు పొరుగునే ఉన్నది. కదిరి-6 వంటి వంగడం రైతు పొలానికి చేరడానికి ముందు ప్రయోగక్షేత్రపు మళ్ళలోనే పరీక్షకు నిలిచింది. ఆ మడిలో తెగులు సోకినా రైతు నష్టపోడు, పైగా తెగులు స్వభావం తెలుస్తుంది. శిక్షణార్థి కల్పితయంత్రం చేసే పని కూడా ఇటువంటిదే.

మడికి గట్టు ఉంటుంది. రాయలసీమ వాడుకలో దానిని గెనిమ అంటారు. నీరు పారడానికి గెనిమలో విడిచే దారి మడవ. ఏ మడవ ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో తెలిసినవాడే నీరు కట్టగలడు. కల్పితయంత్రపు నెట్‌వర్క్ అమరికలను అర్థం చేసుకోవడానికి ఇంతకంటె దగ్గరి పోలిక ఈ ప్రాంత విద్యార్థికి దొరకదు.

4. వనరుల అంచనా:

బోరులో ఉన్న నీటిని బట్టి ఎన్ని మళ్ళు తడపవచ్చో రైతు ముందే లెక్క వేసుకుంటాడు. ర్యామ్ విషయంలోనూ అదే లెక్క అవసరం. అతిథి నడుస్తున్నంతసేపు దానికి కేటాయించిన ర్యామ్ ఆతిథేయికి దక్కదు.

8 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్‌లో రెండు అతిథులను నడపవచ్చు. దాడి సాధనాలు గల కాలీ లినక్స్‌కు 2 జీబీ, దాడికి లక్ష్యంగా ఉండే మెటాస్ప్లాయిటబుల్-2కు 512 మెగాబైట్లు కేటాయిస్తే, మిగిలినది ఆతిథేయికి సరిపోతుంది. కాలీ లినక్స్ 2013 మార్చిలో తొలిసారి విడుదలైన, భద్రతా పరీక్షల కోసమే కూర్చిన లినక్స్ రూపం. మెటాస్ప్లాయిటబుల్-2 ఉద్దేశపూర్వకంగా లోపాలతో తయారుచేసిన పాత లినక్స్ యంత్రం.

4 జీబీ మాత్రమే ఉన్న కంప్యూటర్‌లో విండోస్ నడవడానికే సగం వరకు ఖర్చవుతుంది. అక్కడ రెండు అతిథుల ఆలోచన మానుకోవడం మేలు. మెటాస్ప్లాయిటబుల్-2 ఒక్కదానినే నడిపి, ఆతిథేయిలోని బ్రౌజర్ నుంచి దానిని చేరుకోవచ్చు. అందులో డివిడబ్ల్యుఎ అనే లోపభూయిష్ట వెబ్ అనువర్తనం ముందుగానే అమర్చి ఉంటుంది. డేటాబేస్‌లోకి చొరబడే ఎస్‌క్యుఎల్ ఇంజెక్షన్ వంటి మౌలిక పాఠాలు నేర్చుకోవడానికి అది చాలు.

పాత కంప్యూటర్ల విషయంలో మరొక సంగతి గమనించాలి. 2018 డిసెంబరులో వెలువడిన 6.0 సంచిక నుంచి వర్చువల్‌బాక్స్ 32 బిట్ ఆతిథేయ వ్యవస్థలపై పనిచేయదు. కాబట్టి ఆతిథేయి 64 బిట్ వ్యవస్థేనా అన్నది ముందే చూసుకోవాలి. ప్రాసెసర్‌లోని తోడ్పాటు కొన్ని కంప్యూటర్లలో మూసి ఉంటుంది. విండోస్ టాస్క్ మేనేజర్‌లోని పెర్ఫార్మెన్స్ విభాగంలో వర్చువలైజేషన్ ఎదుట ‘ఎనేబుల్డ్’ అని లేకపోతే, కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు బయోస్ అమరికల్లోకి వెళ్ళి దానిని తెరవాలి. ఇంటెల్ యంత్రాల్లో ఇది వర్చువలైజేషన్ టెక్నాలజీ అనే పేరుతోను, ఎఎండి యంత్రాల్లో ఎస్‌విఎం అనే పేరుతోను సాధారణంగా కనిపిస్తుంది.

5. సేకరణ, విత్తనశుద్ధి:

మెటాస్ప్లాయిటబుల్-2 కుదింపు ఫైలు సుమారు 850 మెగాబైట్లు. వర్చువల్‌బాక్స్ కోసం సిద్ధపరచిన కాలీ లినక్స్ కుదింపు ఫైలు సుమారు 3 జీబీ. రోజుకు 1.5 లేదా 2 జీబీ పరిమితి గల మొబైల్ పథకంతో రెండవదానిని ఒక్కరోజులో దింపుకోవడం సాధ్యం కాదు. మధ్యలో ఆగినా తిరిగి కొనసాగించగల డౌన్‌లోడ్ సాధనాన్ని గాని, టొరెంట్ పద్ధతిని గాని వాడితే రెండు మూడు రోజుల్లో పూర్తవుతుంది. కళాశాలలో దింపి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకొనే విద్యార్థి ఫ్యాట్32 పద్ధతిలో అమర్చిన పెన్‌డ్రైవ్ 4 జీబీని మించిన ఒక్క ఫైలును అంగీకరించదని గుర్తుంచుకోవాలి. అందువల్ల కుదింపు ఫైలునే తెచ్చుకొని ఇంటి వద్ద విప్పుకోవాలి, లేదా పెన్‌డ్రైవ్‌ను ఎక్స్‌ఫ్యాట్ పద్ధతికి మార్చుకోవాలి.

తెచ్చుకున్న ఫైలు అసలుదేనా అన్న ప్రశ్న తరువాతిది. నకిలీ విత్తనం వల్ల ఏడాది పంట పోగొట్టుకున్న ప్రాంతానికి ఈ జాగ్రత్తను వేరుగా నొక్కి చెప్పనవసరం లేదు. కాలీ లినక్స్ వంటి వాటిని తయారీదారు అధికారిక స్థలం నుంచే తీసుకోవాలి. అక్కడ ప్రకటించిన షా-256 సంకేతంతో సరిపోల్చాలి. ఏ ఫైలు నుంచి అయినా గణితపద్ధతిలో రాబట్టే 64 అక్షరాంకాల ముద్ర ఇది. ఫైలులో ఒక్క బిట్ మారినా ముద్ర పూర్తిగా మారిపోతుంది. విండోస్‌లో సర్ట్‌యుటిల్, లినక్స్‌లో షా256సమ్ అనే ఆదేశాలు దీనిని లెక్కించి చూపుతాయి. మిత్రుని పెన్‌డ్రైవ్ నుంచి తెచ్చుకున్నప్పుడు ఈ పరీక్ష మరింత అవసరం.

6. నిర్మాణక్రమం:

కాలీ లినక్స్ సిద్ధరూపాన్ని విప్పితే వర్చువల్‌బాక్స్ గుర్తించే ఫైలు లభిస్తుంది. దానిని తెరిస్తే యంత్రం జాబితాలో చేరుతుంది. మొదటి ప్రవేశానికి పేరు, సంకేతపదం రెండూ ‘కాలీ’ అనే చిన్న ఆంగ్లాక్షరాల మాటే. ఈ సంకేతపదం లోకమంతటికీ తెలిసినది కనుక ప్రవేశించిన వెంటనే మార్చుకోవాలి.

మెటాస్ప్లాయిటబుల్-2 వర్చువల్ డిస్కు రూపంలో లభిస్తుంది. వర్చువల్‌బాక్స్‌లో లినక్స్ రకంతో కొత్త యంత్రాన్ని సృష్టించి, డిస్కును అడిగినచోట కొత్తదానిని తయారుచేయకుండా ఉన్నదానినే ఎంచుకోవాలి. దాని సంకేతపదాన్ని మార్చవలసిన పని లేదు, బలహీనంగా ఉండడమే దాని ప్రయోజనం. అందువల్లనే దానిని ప్రారంభించడానికి ముందు నెట్‌వర్క్ అమరిక పూర్తికావాలి. ఈ క్రమం తప్పితే మిగతా జాగ్రత్తలన్నీ వ్యర్థమవుతాయి.

7. మడవలు - నెట్‌వర్క్ అమరికలు:

వర్చువల్‌బాక్స్‌లో తరచుగా వాడే నెట్‌వర్క్ పద్ధతులు నాలుగు. బ్రిడ్జ్‌డ్ పద్ధతిలో అతిథి నేరుగా ఇంటి నెట్‌వర్క్‌లో మరొక కంప్యూటర్‌లా కూర్చుంటుంది. అదే వైఫైలో ఉన్న ప్రతి ఫోనూ దానిని చేరుకోగలదు. లోపాలతో కూడిన యంత్రానికి ఈ పద్ధతి తగదు. నాట్ పద్ధతిలో అతిథి ఆతిథేయి ద్వారా ఇంటర్నెట్‌కు వెళ్ళగలదు, బయటివారు మాత్రం మామూలుగా లోపలికి రాలేరు. అయితే లోపలి నుంచి బయటకు దారి తెరిచే ఉంటుంది. పొరపాటున సంధించిన సాధనం ఇంటి నెట్‌వర్క్‌లోని ఇతర పరికరాలను కూడా తాకవచ్చు.

హోస్ట్-ఓన్లీ పద్ధతిలో ఆతిథేయి, అతిథులు మాత్రమే ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. బయటి ప్రపంచంతో సంబంధం ఉండదు. ఇంటర్నల్ పద్ధతిలో ఆతిథేయికి కూడా ప్రవేశం లేదు, అతిథుల మధ్యనే సంబంధం ఉంటుంది. ఇది అత్యంత బిగువైన గెనిమ. కానీ ఇందులో నెట్‌వర్క్ చిరునామాలను సాధారణంగా చేతితో ఇవ్వవలసివస్తుంది. హోస్ట్-ఓన్లీలో 192.168.56 తో మొదలయ్యే చిరునామాలు మామూలుగా వాటంతటవే లభిస్తాయి. అందువల్ల ప్రారంభదశలోని విద్యార్థికి అతిథులన్నింటినీ హోస్ట్-ఓన్లీలో ఉంచడం సులభం, క్షేమకరం.

కాలీ లినక్స్‌కు కొత్త సాధనాలు కావలసివచ్చినప్పుడు మెటాస్ప్లాయిటబుల్‌ను ఆపివేసి, కాలీని తాత్కాలికంగా నాట్‌కు మార్చి, పని పూర్తికాగానే తిరిగి హోస్ట్-ఓన్లీకి తేవాలి. అభ్యాసం మొదలుపెట్టే ముందు కాలీ నుంచి ఏదైనా బయటి చిరునామాను పిలిచి చూడాలి. జవాబు రాకపోతేనే మడవ మూసి ఉన్నట్లు.

ఈ జాగ్రత్త అతిశయమని తోచవచ్చు. 2017 మే నెలలో వానాక్రై అనే హానికర ప్రోగ్రాం ప్రపంచమంతటా వ్యాపించినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారినపడ్డాయి. విండోస్‌లో ఫైళ్ళను పంచుకొనే ఏర్పాటులోని లోపం ద్వారా అది ఒకే నెట్‌వర్క్‌లోని యంత్రం నుంచి యంత్రానికి, ఎవరూ ఏమీ నొక్కకుండానే పాకింది. లోపాన్ని సరిదిద్దే సవరణ అదే సంవత్సరం మార్చిలోనే విడుదలై ఉన్నది. సవరణ లేని ఒక్క యంత్రం పొరుగు యంత్రాలన్నింటికీ తెగులు దారి కాగలదని ఆ సంఘటన నిరూపించింది. శిక్షణ కోసం తెచ్చిన బలహీన యంత్రం సరిగ్గా అటువంటిదే.

8. రక్షణ అమరికలు, స్థితిచిత్రం:

ఆతిథేయి, అతిథుల మధ్య ఫైళ్ళ పంపిణీ కోసం షేర్డ్ ఫోల్డర్, రాతల మార్పిడి కోసం షేర్డ్ క్లిప్‌బోర్డ్ అనే సౌకర్యాలు ఉన్నాయి. ఇవి అనుకూలమైనవే గాని, ప్రతి ఒక్కటీ గెనిమలో ఒక గండి. అవసరం లేనప్పుడు మూసి ఉంచాలి. హైపర్‌వైజర్ కూడా సాఫ్ట్‌వేరే కాబట్టి దానిలోనూ లోపాలు బయటపడుతుంటాయి. 2015లో వెల్లడైన వెనమ్ అనే లోపం కల్పిత ఫ్లాపీ డ్రైవ్ కోసం రాసిన పాత సాఫ్ట్‌వేర్ భాగంలో దాగి ఉండి, అతిథి నుంచి ఆతిథేయిలోకి చొరబడే అవకాశం కల్పించింది. దాని ప్రభావం పడిన వాటిలో వర్చువల్‌బాక్స్ కూడా ఉన్నది. అందువల్ల వర్చువల్‌బాక్స్‌ను ఎప్పటికప్పుడు నవీకరించుకోవాలి. నిజమైన వైరస్‌లను తెచ్చి పరీక్షించే సాహసం ప్రారంభదశలో చేయరాదు.

స్నాప్‌షాట్ అనే సౌకర్యానికి స్థితిచిత్రం అనే మాట తగినది. యంత్రం ఆ క్షణంలో ఎలా ఉన్నదో భద్రపరచి, తరువాత ఏమి జరిగినా ఆ స్థితికి తీసుకువస్తుంది. యంత్రం సిద్ధం కాగానే ఒకటి, ప్రతి కొత్త పాఠానికి ముందు ఒకటి తీసుకోవడం మంచి అలవాటు. ఇది ప్రతిని దాచుకోవడంతో సమానం కాదు. అసలు డిస్కు ఫైలు పాడైతే స్థితిచిత్రాలూ పనికిరావు. అతిథి నడుస్తుండగా కరెంటు పోతే డిస్కు ఫైలు చెడిపోయే ప్రమాదం ఉన్నది కనుక, విద్యుత్తు నిలకడ లేనిచోట బ్యాటరీ గల ల్యాప్‌టాప్ గాని, యుపిఎస్ గాని లేకుండా సుదీర్ఘ అభ్యాసానికి పూనుకోరాదు. పని ఆపవలసివచ్చినప్పుడు సేవ్ స్టేట్ ఎంపికతో యంత్రాన్ని ఉన్నదున్నట్లు నిలిపి ఉంచవచ్చు.

9. చట్టపరమైన గెనిమ:

సాంకేతికమైన హద్దుకు తోడు చట్టం గీసిన హద్దు ఉన్నది. సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 43వ సెక్షను యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లో లేదా నెట్‌వర్క్‌లో ప్రవేశించడాన్ని తప్పుగా పరిగణిస్తుంది. అదే పనిని నిజాయితీ లేకుండా గాని, మోసపూరితంగా గాని చేస్తే 66వ సెక్షను కింద మూడేళ్ళ వరకు జైలుశిక్ష గాని, 5 లక్షల రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. ‘నేర్చుకోవడానికి చేశాను’ అన్న మాట అనుమతికి బదులు కాదు. కళాశాల వైఫై, పొరుగువారి రూటర్, ప్రభుత్వ వెబ్‌సైటు - ఇవేవీ అభ్యాసక్షేత్రాలు కావు. విద్యార్థి సొంతంగా నిర్మించుకున్న ప్రయోగమడిలో యజమాని అతడే, అనుమతి ఇచ్చేవాడూ అతడే. ఒక యువకుని ఉద్యోగ భవిష్యత్తు కొన్ని నిమిషాల ఉత్సుకతకు బలికాకుండా కాపాడేది ఈ వ్యత్యాసమే.

10. తెలుగులో వివరణ అవసరం:

కేంద్ర ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక మంత్రిత్వశాఖ చేపట్టిన సమాచార భద్రతా విద్య, అవగాహన కార్యక్రమంలో భాగంగా హైదరాబాదులోని సి-డాక్ తెలుగుతో సహా పలు భారతీయ భాషల్లో సామగ్రిని అందిస్తున్నది. వాటి ముఖ్యోద్దేశం సాధారణ వినియోగదారుని అప్రమత్తం చేయడం. విదేశాల్లో సిరక్యూస్ విశ్వవిద్యాలయంలో 2002లో మొదలైన సీడ్ ల్యాబ్స్ కల్పితయంత్రాన్ని, అభ్యాస పాఠాలను కలిపి ఉచితంగా అందిస్తున్నది. ఈ రెండింటి నడుమ చేయవలసిన పని మిగిలి ఉన్నది. అభ్యాస పాఠాలకు తెలుగు వివరణలు కావాలి. వాటిలో బ్రౌజర్, ర్యామ్, నెట్‌వర్క్ వంటి వాడుకలో స్థిరపడిన మాటలను యథాతథంగా ఉంచవచ్చు. విద్యార్థి నిర్ణయం తీసుకోవలసిన చోట మాత్రం ఆ నిర్ణయపు ఫలితం తేటతెల్లమయ్యే మాట కావాలి. బ్రిడ్జ్‌డ్ అన్న మాటను కంఠస్థం చేసిన విద్యార్థి దానిని మరచిపోవచ్చు. అది మడవ తెరిచి ఉంచడమని గ్రహించిన విద్యార్థి మరువడు.

11. ముగింపు:

సైబర్ భద్రతా శిక్షణకు ఖరీదైన ప్రయోగశాల అనివార్యం కాదు. 4 జీబీ ర్యామ్ గల 64 బిట్ కంప్యూటర్‌తో, 850 మెగాబైట్ల ఒక్క ఫైలుతో తొలి పాఠాలు ఆరంభించవచ్చు. 8 జీబీ ఉంటే దాడి, రక్షణ రెండూ రెండు అతిథుల మధ్య అభ్యసించవచ్చు. తెచ్చుకున్న ఫైలు ముద్రను సరిచూడడం, బలహీన యంత్రాన్ని ప్రారంభించడానికి ముందే హోస్ట్-ఓన్లీలో ఉంచడం, ప్రతి పాఠానికి ముందు స్థితిచిత్రం తీసుకోవడం, అనుమతి లేని యంత్రాన్ని తాకకపోవడం అనే నాలుగు నియమాలు ఈ నిర్మాణానికి ఆధారం.

తనకల్లు వంటి మండలంలో నీటిని పొదుపుగా పంచుకోవడం, విత్తనాన్ని పరీక్షించి వేయడం, గెనిమ తెగకుండా చూసుకోవడం ఇంటింటా ఉన్న జ్ఞానం. కల్పితయంత్ర నిర్మాణానికి కావలసిన వివేకం చాలావరకు అందులోనే ఉన్నది. ఆ జ్ఞానానికి కొత్త సాంకేతికతను జోడించి తెలుగులో పాఠాలు రూపొందిస్తే, ఆ ప్రాంతపు విద్యార్థి ఈ రంగంలోకి ఇతరుల కంటె వెనుకబడి అడుగుపెట్టవలసిన అవసరం ఉండదు. ఈ దిశగా సాంకేతిక నిపుణులు, భాషావేత్తలు కలిసి కృషి చేయవలసి ఉన్నది.